పన్నెండు తలుపులు

పట్టపగలు పదకొండు గంటలకు, బిల్డింగంతా చూస్తుండగా, గంగాధరరావు బాలలక్ష్మి ఇంటి తలుపు ఊడదీయించాడు.

ఊడదీసినవాడు గోపయ్య. వడ్రంగి. మా అందరిలాగే అతనూ ఆ బిల్డింగులోనే ఏడో నంబరు పోర్షన్‌లో కిరాయికి ఉంటాడు. ఓనరు చెప్పిన చెక్కపని చేసిపెడితే నెల కిరాయిలో కొంత తగ్గుతుంది. ఆ శనివారం ఓనరు చెప్పిన పని ఇది. గోపయ్య తల ఎత్తి ఎవరినీ చూడలేదు. పేచ్‌కస్ తీసి ముందు కింది మడతబందు స్క్రూలు విప్పాడు. తర్వాత నడిమిది. పై బందు ఆఖర్న విప్పి, తలుపు బరువంతా భుజం మీదికి తీసుకుని, వాకిట్లో గోడకు ఆనించాడు. పావుగంట పని.

"చెద పట్టింది. రిపేరుకు పంపుతున్న," అన్నాడు గంగాధరరావు. ఆయన మెడలో జై తెలంగాణ అని అచ్చేసిన కండువా ఉంది. పొద్దున దిల్‌సుఖ్‌నగర్‌లో దీక్ష టెంటు కింద గంటసేపు కూర్చుని, ఫొటో దిగి, అటునుంచి అటే వచ్చాడు.

"చెద ఏడుంది సారూ? జర చూపెట్టుండ్రి," అంది బాలలక్ష్మి. చంకలో మూడేళ్ళ కూతురు ఉంది.

"నీకు కనవడదు. లోపలుంటది."

"తలుపు లేని ఇంట్ల ఆడపిల్లను పెట్టుకొని ఎట్లుండాలె సారూ?"

"ఉండుమని నేనన్ననా? చుట్టాలింటికి పో. కిరాయి కట్టనోళ్ళకు ఏం తలుపమ్మా? తలుపు నాది. నా తలుపు నేను తీస్కపోత."

"ఒక్క నెల బాకీ. మూడు వేలు. సమ్మె అయిపోంగనే కడ్తమంటిమి కద."

గంగాధరరావు నవ్వాడు. చేతిలోని ఫైలు తెరిచి స్టాంపు కాగితం బయటికి తీశాడు.

"మూడు వేలని ఎవలు చెప్పిండ్రు? ఈ సంతకం నీ మొగనిదే కద? నెలకు అయిదు వేల అయిదు వందలని రాసుంది. పదకొండు నెలలకు లెక్క తీస్తే ముప్ఫై వేల అయిదు వందలు బాకీ. మంగళవారం లోపట కట్టు. లేకుంటె సామాను తీసుకొని నడువు. అడ్వాన్సు మాట ఎత్తకు."

బాలలక్ష్మి ఆ కాగితం వైపు చూడలేదు. మెట్ల మీద నిలబడ్డ నా వైపు చూసింది.

"చెల్లె, ఆ కాయితాలు నువ్వే రాసినవు కద. ఏం రాసినవు?"

నేను వెనక్కి తిరిగి మెట్లెక్కాను.

ఇది 2011 అక్టోబరులో, దసరా పోయిన రెండో రోజు సంగతి. సకల జనుల సమ్మె నడుస్తోంది. బస్సులు డిపోలు దాటి ఇరవై రోజులైంది. బాలలక్ష్మి భర్త నగేశ్ ఆర్టీసీ కండక్టరు. నెల జీతం రాలేదు. బొగ్గు బావులు ఆగడంతో కరెంటు గంటలకు గంటలు పోతోంది. చైతన్యపురి హాస్టళ్ళలోని పిల్లలు ఊళ్ళకు వెళ్ళిపోయారు. హాస్టల్లో గిన్నెలు తోమే మా అమ్మ అండాలమ్మకు పని లేదు. నాకూ సగం జీతమే. ఎల్బీనగర్‌లో నేను టైపు చేసే కంప్యూటర్ సెంటర్ రిజిస్ట్రేషన్ కాగితాల మీదే బతికేది, ఆ ఆఫీసూ సమ్మెలోనే ఉంది.

మా ఇంట్లో డిగ్రీ దాకా చదివినదాన్ని నేనొక్కదాన్నే. నాన్న తాపీమేస్త్రీ. ఇలాంటి బిల్డింగులు ఎన్నో కట్టి, తాను కట్టిన ఏ ఒక్కదాంట్లోనూ ఉండకుండానే పోయాడు. నేను బీకాం పాసైన రోజున బిల్డింగులో అందరికీ అమ్మ చక్కెర పంచింది. ఆ రోజు నుంచి ఎవరికి ఏ కాగితం వచ్చినా నా దగ్గరికే తెచ్చేవాళ్ళు. గంగాధరరావు కూడా తెచ్చాడు.

ఆయన సర్కారు ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. పక్క గల్లీలో రెండంతస్తుల సొంత ఇల్లు. మేముండేది ఆయన మొదటి బిల్డింగు: కింద ఆరు పోర్షన్లు, పైన ఆరు. ఒక గది, ఒక వంటమూల, ఆరిళ్ళకు ఒక బాత్‌రూము. రెండోది మీర్‌పేట్‌లో ఉంది, ఇరవై పోర్షన్లు. కిందటి కార్తీకంలో ఆ రెండోది కొనే ముందు ఆయన మా సెంటరుకు వచ్చి నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"చూడు బిడ్డా, నీకు ఒక తెలివి చెప్త. తెలివి లేనోడు ప్లాటు కొంటడు, రేటు పెరగంగనే అమ్ముకుంటడు. నేను అట్ల కాదు. కొంట, పట్టుకొని కూసుంట. బ్యాంకు పైసలిస్తది. కిరాయిదార్లు కిస్తు కడ్తరు. ఇల్లు నా పేరు మీదుంటది. ఆ ఇల్లు చూపెట్టి ఇంకో ఇల్లు. ఇరవై ఏండ్లు ఓపిక పట్టాలె, గంతే."

నిజం చెప్పాలంటే ఆ మాటలు నాకు నచ్చాయి. ఇంత సులువైన విద్య మా నాన్నకు ఎవరూ ఎందుకు చెప్పలేదా అనుకున్నాను. నెలనెలా ఒకటో తారీకున ఆ ఓపిక పట్టింది మేమేనన్న సంగతి అప్పుడు నాకు తట్టలేదు.

కిరాయి ఎంత ఎక్కువుంటే బ్యాంకు అంత ఎక్కువ లోనిస్తుంది. అందుకని మూడు వేలని ఉన్నచోట అయిదు వేల అయిదు వందలని టైపు చేయమన్నాడు. "ఇది బ్యాంకుకు చూపెట్టెటందుకే. మీ కిరాయి మీదే. పని చేసినందుకు మీ ఇంటి కిరాయిల నెలకు రెండొందలు తగ్గిస్త," అన్నాడు. టైపు చేశాను. పన్నెండు అగ్రిమెంట్లు పట్టుకుని పన్నెండు గడపలూ నేనే తిరిగాను. మన అఖిలే కదా తెచ్చిందని నన్ను నమ్మి అందరూ సంతకాలు పెట్టారు. రెండో నంబరులో ఉండే పెంటమ్మ, మెయిన్ రోడ్డు పక్కన జొన్నరొట్టెలు చేసి అమ్ముకునే ముసలామె, వేలిముద్ర వేస్తూ ఒక్కతే అడిగింది.

"ఏం రాసింది బిడ్డా?"

"మామూలుదే పెద్దమ్మా," అన్నాను.

కాలేజీల్లో చదువుకుంటున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, నేను చేసిన ద్రోహమంతా ఆ రెండు మాటల్లోనే ఉంది. అందుకే దాచకుండా చెబుతున్నాను.

*

మధ్యాహ్నం నగేశ్ ధర్నా నుంచి వచ్చేసరికి బాలలక్ష్మి ద్వారానికి చీర కట్టి, గడపలో కూర్చుని ఉంది. నగేశ్ చీరను చూశాడు, గోడకు ఆనించిన తలుపును చూశాడు. చేతిలో జెండా కర్ర అలాగే పట్టుకుని పక్క గల్లీ వైపు బయల్దేరాడు.

"ఆగు!" అని అడ్డం నిలబడింది పెంటమ్మ. "బస్సుల చిల్లర అడిగితె గంట సేపు ఇయ్యవు. ఈడ మాత్రం ఇంత తొందరనా?"

"పక్కకు జరుగు పెద్దమ్మా. పొద్దుగాల టెంటు కింద నా భుజం మీద చెయ్యేసి ఫొటో దిగిండు. ఆ చెయ్యి ఇరగ్గొడ్త!"

"ఇరగ్గొట్టు. నువ్వు జైలుకు పోతవు, వాడు దవాఖానకు పోయి పండ్లు తింటడు. నీ పెండ్లం రోడ్డు మీదికొస్తది. వానికి కావల్సింది గదే."

నగేశ్ కర్ర కింద పడేశాడు.

అయిదింటికి కరెంటు పోయింది. ఉక్కకు తాళలేక అందరూ మేడ మీదికి చేరారు. ఎవరూ మీటింగు పెట్టలేదు, దానంతట అదే మీటింగయింది. బాలలక్ష్మి మాత్రం కిందనే, గడపలోనే ఉంది. ఆమె లేస్తే సామాను బయటపడుతుందని అందరికీ తెలుసు.

మొదట అంతా గోల. ముప్ఫై వేలు తలా కొంత వేసుకుందామని ఒకరు, ఇవ్వాళ ఇస్తే రేపు మన కాగితాలు తీస్తాడని ఇంకొకరు. పదో నంబరులో ఉండే ప్రైవేటు స్కూలు టీచరు లేచి, చట్టప్రకారం కోర్టుకు వెళ్ళడమే పద్ధతి అన్నాడు.

"పోదాం సార్," అన్నాడు నగేశ్. "కాని వకీళ్ళు గూడ సమ్మెల ఉన్నరు."

అంత కోపంలోనూ జనం నవ్వారు. టీచరు కూర్చున్నాడు.

"అసలు మన సంతకాలు ఆ కాయితం మీదికి ఎట్ల పోయినయి?" అని ఎవరో అన్నారు. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "నువ్వు మాట్లాడకు బిడ్డా. మనకు ఇల్లు లేకుంట చేస్తడు," అని గొణిగింది. అమ్మ మాట నేను ఎప్పుడూ జవదాటలేదు. ఆ రోజు చెయ్యి విడిపించుకుని లేచాను.

"నేనే రాసిన," అన్నాను. "అయిదు వేల అయిదు వందలని తెలిసే టైపు చేసిన. నెలకు రెండొందలు తగ్గించిండు."

 వెనక కూర్చున్నవాళ్ళు లేచి దగ్గరికొచ్చారు.

పెంటమ్మ నా మొహంలోకి చూసింది. "నేనడిగిన గద బిడ్డా. ఏం రాసింది అని. మామూలుదే పెద్దమ్మా అంటివి."

"అన్న పెద్దమ్మా."

"చదువుకున్న పిల్లవని అడిగిన. వాన్ని అడిగితె వాడు గూడ గట్లనే చెప్తుండె గద."

ఆమె తిట్టి ఉంటే నాకు తేలికయ్యేది. తిట్టలేదు. వెనక నుంచి గోపయ్య గొంతు వచ్చింది.

"పిల్లనొక్కదాన్నే అంటరేంది? అది కాయితం రాసింది. నేను తలుపు ఊడదీసిన. నాక్కూడ కిరాయిలనే తగ్గించిండు."

"ఎంత?" అన్నాడు నగేశ్.

"నూట యాభై."

"నా ఇంటి తలుపు నూట యాభై రూపాయలన్నట్టు!"

"అవును తమ్మీ. గంతకే అమ్ముడుపోయిన."

అప్పుడు సూర్యప్రభ లేచింది. మూడో నంబరు. తెనాలి దగ్గర నుంచి వచ్చి, హాస్టల్ పిల్లలకు మెస్సు నడుపుతుంది. పదేళ్ళుగా ఆ బిల్డింగులోనే ఉంది. ఉద్యమం మొదలయ్యాక మాతో మాట తగ్గించింది.

"నేనూ చెబుతా, వినండి. మెస్సు సిలిండర్లు నడవాలో పెట్టుకోనిస్తున్నాడు నన్ను. ఊరికే కాదు. ఎవరింటికి ఎవరొస్తున్నారు, ఎవరు ఖాళీ చేసేలా ఉన్నారు, ఎవరికి జీతం పెరిగింది... అన్నీ వారం వారం నాచేత చెప్పించుకుంటాడు. నగేశ్‌కి జీతం రాలేదని చెప్పింది నేనేనండీ."

"ఎందుకక్కా?" అన్నాడు నగేశ్.

"భయం. 'ఆంధ్రావాళ్ళని తరిమేస్తారమ్మా, నేనున్నా కాబట్టి నీ జోలికెవరూ రావట్లేదు' అంటాడు. నీతో ఏమన్నాడు?"

నగేశ్ ఇబ్బందిగా నవ్వాడు. "ఆంధ్రామెను ఖాళీ చేయించి ఆ పెద్ద పోర్షన్ మీకిస్త, కొన్ని రోజులు ఓపిక పట్టు అన్నడు."

"చూశారా! మీ సమ్మె వల్ల నా మెస్సు మూతబడింది, ఆ కోపం నాకుంది. ఉంటుంది కూడా. కానీ పసిపిల్ల ఉన్న ఇంటికి తలుపు ఊడదీయడమేంటి? ఏ రాష్ట్రంలో న్యాయమది?"

ఆమె తర్వాత ఒక్కొక్కరే చెప్పారు. ఒకరిని బోరు మోటారు స్విచ్చి తమ దగ్గర పెట్టుకోనిచ్చాడు. ఇంకొకరికి ఖాళీ చేసేటప్పుడు సున్నాల పేరుతో కోసుకునే నెల కిరాయి మాఫీ చేస్తానన్నాడు. టీచరుకు బండి పెట్టుకునే జాగా ఇచ్చాడు. ఎవరికి వారు ఓనరు తనొక్కడి మీదే దయ చూపిస్తున్నాడనీ, అది పక్కింటివాళ్ళకు తెలియకూడదనీ అనుకున్నారు. పన్నెండిళ్ళలో పన్నెండు రహస్యాలు. ఆ రహస్యాలన్నీ మేము కట్టిన కిరాయిలోంచి మాకే విసిరిన చిల్లర.

"వాని తెలివి ఇల్లు కొనుడుల లేదు," అన్నాడు గోపయ్య. "మనల్ని విడివిడిగ కొనుడుల ఉంది."

"ఇగ ముచ్చట్లు చాలు," అంది పెంటమ్మ. "సోమవారం బ్యాంకు మేడం వస్తదన్నడు కద?"

అవును. నాదర్‌గుల్ వైపు మూడో బిల్డింగు కొనడానికి లోను అడిగాడు. అందుకు చూపించేది మా బిల్డింగునే. సోమవారం పదింటికి బ్యాంకు మేడం చూడటానికి వస్తుందనీ, అడిగితే అందరూ అయిదు వేల అయిదు వందలనే చెప్పాలనీ, వాకిలి కడిగి ముగ్గు వేయాలనీ రెండు రోజుల కిందటే హుకుం వేశాడు. ఒక్క తలుపు ఊడితే మిగతా పదకొండిళ్ళూ భయపడి చెప్పినట్టే చెబుతాయని ఆయన లెక్క.

"నిజం చెప్దాం," అన్నాను. "నెలనెలా కిరాయి ముట్టిందని ఆయన చేత్తోనే రాసి సంతకం పెట్టిన చిన్న బుక్కులు అందరి దగ్గరా ఉన్నయి. అండ్ల మూడు వేలనే ఉంది. అవి చూపెడదాం."

"నిజం చెప్తె మంగళవారం ఇంకో తలుపు ఊడదీస్తడు," అన్నాడు టీచరు.

"ఏ తలుపు?" అని అడిగింది పెంటమ్మ. "తలుపు నాది, నేను తీస్కపోత అన్నడు కద. తీస్కపోనీయి. మనమే తీసి ఇద్దాం. అన్నీ."

కాసేపు ఎవరికీ అర్థం కాలేదు.

"ఒక్క ఇంటికి తలుపు లేకుంటె ఆ ఒక్క ఇల్లు భయపడ్తది. పన్నెండిండ్లకు లేకుంటె అందరం కావలి కాస్తం. ఇగ వాని చేతుల ఏం ఉంటది? ఏం చూపెట్టి బెదిరిస్తడు?"

"దొంగలు?" అంది ఎవరో.

"మనింట్ల ఏమున్నదని దొంగలొస్తరే? ఉన్నదంతా వాడే తీస్కపాయె!"

నగేశ్ పగలబడి నవ్వాడు. గోపయ్య జేబులోంచి పేచ్‌కస్ తీసి నేల మీద పెట్టాడు. "నేను నేర్పిస్త. పన్నెండు తలుపులు, ఒక పొద్దు పని."

"తెలంగాణ వస్తె తలుపు వస్తదా నగేశా?" అని అడిగింది పెంటమ్మ.

"కొట్లాడితెనే తలుపు వస్తది పెద్దమ్మా. తెలంగాణ గూడ గంతే."

ఇంటికొక చెయ్యి చొప్పున ఎత్తించాం. టీచరూ మా అమ్మా ఎత్తలేదు. పది చేతులు లేచాయి.

*

సోమవారం ఏడింటికి మొదలుపెట్టాం.

గోపయ్య ఒక్కో గుమ్మం దగ్గర నిలబడి పాఠం చెప్పాడు. "మీది బందు ముందు ఇప్పొద్దు. తలుపు మీద పడ్తది. కింద నుంచి పోవాలె. తుప్పుంటె కిరోసిన్ చుక్క పోసి జర ఆగుండ్రి. గుంజొద్దు, చెక్క పగుల్తది. మనకు చెక్క మీద కోపం లేదు." ఎవరి తలుపు వాళ్ళే విప్పారు. సూర్యప్రభ చీర కొంగు బొడ్లో దోపి, పేచ్‌కస్ తిప్పలేక అట్లకాడతో స్క్రూ తిప్పబోయింది. నగేశ్ పరుగెత్తుకొచ్చి సాయం పట్టాడు. "అక్కా, ఇది పెసరట్టు కాదు!"

"నవ్వకు. ముందు ఆ వైపు పట్టుకో, బరువుంది."

టీచరు తన గుమ్మంలో నిలబడి అంతా చూశాడు. తొమ్మిదింటికి చొక్కా చేతులు మడిచి, ఒక్కడే తలుపును వీపు మీద మోసుకుంటూ మెట్లు దిగాడు.  గోపయ్య ఎదురెళ్ళి ఒక చివర పట్టుకున్నాడు.

నేను తలుపుల మీద సుద్దముక్కతో నంబర్లు వేసి వరసగా గోడకు నిలబెట్టించాను. బాలలక్ష్మి తలుపుతో కలిపి పదకొండు అయ్యాయి. మిగిలింది మాదే. అమ్మ తలుపుకు ఆనుకుని కూర్చుంది.

"అమ్మా, లే."

"మీ నాయన కట్టిన ఇండ్లల్ల ఒక్క తలుపు గూడ మనది కాకపాయె."

"ఇది గూడ మనది కాదమ్మా."

అమ్మ బందు వైపు చూసింది. తర్వాత చెయ్యి చాపింది. "గది ఇటియ్యి. మేస్త్రీ పెండ్లాన్ని. నాకు రాదా?"

కింది బందు అమ్మే విప్పింది.

పదింటికి గంగాధరరావు కారు వచ్చింది. వెనక సీట్లోంచి ఫైలు పట్టుకుని బ్యాంకు మేడం దిగింది. కడిగిన వాకిలి, ముగ్గు, గోడకు వరసగా పన్నెండు తలుపులు. పన్నెండు గుమ్మాల్లో జనం. మధ్యలో ఏ అడ్డూ లేదు. మా మంచాలూ, గిన్నెలూ, తాడు మీద బట్టలూ అన్నీ ఎండలో కనబడుతున్నాయి. సిగ్గుపడాల్సింది మేం కాదని ఆ రోజే తెలిసింది.

"ఏందిది? ఎవడు చేసిండు?" అని అరిచాడు గంగాధరరావు.

"నీ తలుపులు సారూ," అంది పెంటమ్మ. "తీస్కపోతనంటివి కద. నంబర్లు గూడ ఏసినం. చూసుకో."

మేడం ఒక అడుగు ముందుకు వేసింది. "ఇక్కడ కిరాయి ఎంత?"

"అయిదు వేల అయిదు..." అని గంగాధరరావు మొదలుపెట్టాడు.

"మూడు వేలు!" ఒకటో నంబరు. చేతిలో బుక్కు తెరిచి పట్టుకుంది.

"మూడు వేలు," పెంటమ్మ.

"నాది కాస్త పెద్ద పోర్షన్, మూడు వేల రెండొందలండీ. తలుపు కూడా నేనే తీశాను," సూర్యప్రభ.

"మూడు వేలు!" "మూడు వేలు!" కింది నుంచి పైదాకా పోయింది మాట. అయిదో నంబరు గడపలోంచి బాలలక్ష్మి లేచి నిలబడి చెప్పింది. "మూడు వేలు మేడం. ఒక్క నెల బాకీ. ఎగ్గొట్టం. కాని ఈ ఇంట్లకెల్లి కదల."

మేడం బుక్కులూ అగ్రిమెంట్లూ పక్కపక్కన పెట్టి చూసింది. రెండింటి మీదా ఒకే మనిషి సంతకం. గంగాధరరావు నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"అఖిలా, పరేషాన్ గాకు. ఏదో పొరపాటని చెప్పు. మీ ఇంటికి సంవత్సరం కిరాయి మాఫీ. చెప్పకపోతివా, దొంగ కాయితాలు టైపు చేసింది నువ్వు. నాతోటి నువ్వు గూడ పోతవు."

"పోత సార్," అన్నాను గట్టిగా, అందరికీ వినబడేలా. "మేడం, ఇవి టైపు చేసింది నేనే. ఈయన చెప్తే చేసిన. తప్పు తెలిసే చేసిన."

"రాసిస్తావా?"

"ఇస్త."

టీచరు తెల్లకాగితం తెచ్చాడు. మెట్టు మీద కూర్చుని రాశాను. సంతకం పెట్టబోతుంటే పెంటమ్మ వచ్చి నా ఎదుట నిలబడింది.

"ఏం రాసింది బిడ్డా?"

లేచి నిలబడి మొదటి అక్షరం నుంచి చదివాను. తేదీ చదివాను, నా పేరు చదివాను, నాకు ముట్టిన రెండు వందలూ చదివాను. పన్నెండు గుమ్మాలు విన్నాయి. చదవడం అయ్యాక పెంటమ్మ తల ఊపింది. అప్పుడు సంతకం పెట్టాను. నా కింద నగేశ్, గోపయ్య, టీచరు... పెంటమ్మ వేలిముద్ర, అందరిదీ అయ్యేసరికి కాగితంలో చోటు చాల్లేదు.

మేడం ఆ కాగితాన్ని ఫైల్లో పెట్టుకుంది. "ఈ లోను ఇక ముందుకు పోదు," అని మాత్రం అంది. తను వచ్చిన ఓనరు కారు మళ్ళీ ఎక్కలేదు. నడుచుకుంటూ మెయిన్ రోడ్డు వైపు వెళ్ళిపోయింది.

మీర్‌పేట్ కిస్తులకు మా కిరాయి, నాదర్‌గుల్ లోనుకు మీర్‌పేట్ కిరాయి. ఒకదానికొకటి ముడేసి కట్టిన ఆ గొలుసులో ఒక్క లంకె విడితే ఏమవుతుందో గంగాధరరావుకు మాకంటే ముందే తెలుసు. కండువాతో మొహం తుడుచుకుని పోలీసులకు ఫోన్ చేశాడు.

అరగంటలో జీపు వచ్చింది. ఎస్సై తలుపులను చూశాడు, మమ్మల్ని చూశాడు.

"ఎవరు ఊడదీసిండ్రు?"

"నా తలుపు నేనే తీసిన," అన్నాడు నగేశ్. "నా తలుపు నేనే," అంది సూర్యప్రభ. "నాది నేను." "నాది నేను." మా అమ్మ అందరికంటే గట్టిగా అరిచింది.

"ఇంతమందిని ఏడ ఎక్కించుకోవాలె? అసలు మనుషులెవరో చెప్పుండ్రి రావుగారూ."

గంగాధరరావు నగేశ్‌నూ గోపయ్యనూ నన్నూ చూపించాడు. జీపు ఎక్కాం. ఎవరూ పిలవకుండానే పెంటమ్మ రొట్టెల గంప పట్టుకుని వచ్చి ఎక్కింది.

"నిన్నెవలు రమ్మన్నరు అవ్వా?" అన్నాడు కానిస్టేబుల్.

"ఉపాయం నాది. జరుగు."

జీపు కదిలింది. వెనక్కి చూస్తే బాలలక్ష్మి గడప దిగలేదు. ఆమెకు అటూ ఇటూ సూర్యప్రభ, మా అమ్మ కూర్చున్నారు. నినాదం ఎవరు మొదలుపెట్టారో కానీ గల్లీ అంతా అందుకుంది. ముందు తెలంగాణ నినాదం. తర్వాత అదే దరువు మీద ఇంకోటి: "తలుపు మాది! ఇల్లు మాది! చెమట మాది!"

స్టేషన్‌లో బల్ల మీద కూర్చోబెట్టారు. పెంటమ్మ రొట్టెలు విరిచి ముందు మాకు, తర్వాత కానిస్టేబుల్‌కు పెట్టింది. అతను అటూ ఇటూ చూసి తిన్నాడు. నా మీద విడిగా కేసు రాస్తున్నారని చెప్పారు. నాకు భయం లేదని అనను. ఉంది. కానీ ఆ భయం నా ఒక్కదానిది కాదు, పక్కన ముగ్గురు కూర్చున్నారు.

మూడు గంటలప్పుడు ఇద్దరు ఆడవాళ్ళు గుమ్మం దగ్గర నిలబడి లోపలికి తొంగి చూశారు. ఎవరో మాకు తెలియదు. చెమటతో, దుమ్ముతో ఉన్నారు. బస్సులు లేవు కదా, నడిచే వచ్చారు.

"గోపయ్యంటె ఎవలన్నా?"

"నేనే. ఏం గావాలె?"

"ముచ్చట ఫోన్ల తెలిసి మీర్‌పేట్ నుంచి వచ్చినం. రావుగారి బిల్డింగులనే ఉంటం. మీ గల్లీకి పోతె బాలలక్ష్మి అనే ఆమె ఈడికి తోలింది. గడపల్నే కూసోని వంట చేస్తున్నది." ఆమె కొంగు ముడి విప్పి పేచ్‌కస్ చూపించింది. "మావి ఇరవై తలుపులు. బందులకు తుప్పు పట్టింది. ఎట్ల ఇప్పాలె?"

కానిస్టేబుల్ కుర్చీలోంచి సగం లేచాడు.

గోపయ్య రొట్టె పక్కన పెట్టి, గొంతు సవరించుకున్నాడు.

"కిరోసిన్ పోసి జర సేపు ఆగుండ్రి. కింది బందు ముందు ఇప్పుండ్రి, మీదిది ఆఖర్న. ఒక్కలు పట్టొద్దు చెల్లె, బరువుంటది. ఇద్దరు పట్టుండ్రి."